పాత గేములు, కార్డులు, బొమ్మకార్లు: హనుమకొండలోనే అమ్మాలా, హైటెక్స్‌కు మోసుకెళ్ళాలా?

"హైటెక్స్‌కు ఎట్లాగూ పోతున్నం గదా, ఇంట్ల ఉన్న పాత గేములు గూడ తీస్కపోయి అమ్మేద్దామా?" హైదరాబాద్‌లో పెద్ద గేమింగ్ ఈవెంట్ తేదీలు బయటికి రాగానే వరంగల్, కరీంనగర్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పు లేదు. 2022 నుంచి 2024 దాకా మూడేళ్ళూ డ్రీమ్‌హ్యాక్ ఇండియా అనే గేమింగ్ మేళా నవంబర్‌లో హైదరాబాద్‌లోని హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌లోనే జరిగింది. 2024లో కామిక్సు అభిమానుల మేళా అయిన హైదరాబాద్ కామిక్ కాన్‌ను కూడా దానితో కలిపే పెట్టారు. ఆటల పిచ్చి ఉన్నవాళ్ళంతా అలా ఒక్కచోట చేరినప్పుడు అటక మీది సామాను అమ్ముడుపోకుండా ఎలా ఉంటుంది అనిపిస్తుంది.

చక్కగా అమ్ముడుపోకుండానే ఉంటుంది. అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను: ఇలాంటి మేళాకు, అంటే కన్వెన్షన్‌కు, సామాను తీసుకెళ్ళండి, కొనేవాళ్ళను మాత్రం అక్కడికి వెళ్ళాక వెతుక్కోకండి. బేరం ఇంట్లో ఉన్నప్పుడే కుదరాలి. అక్కడ సామాను, డబ్బు చేతులు మారాలి, అంతే. దీనికి లొంగని సామాను కొంత ఉంది, దాని సంగతీ చెప్తాను.

కిలోకు ఎన్ని రూపాయలు?

హైటెక్స్ దగ్గర్లోని కొండాపూర్‌లో ఉండేవాడికి మిగిలిన సామాను స్కూటీ మీద వెనక్కి తెచ్చుకోవడం పెద్ద పని కాదు. మనకు అలా కాదు. హనుమకొండ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. మంచిర్యాల, కాగజ్‌నగర్ వాళ్ళకు ఇంకా దూరం. రైల్లో సెకండ్ క్లాస్ టికెట్ మీద 35 కిలోల దాకా సామాను ఉచితమే, అది కాగితం మీద. ఆదివారం సాయంత్రం సికింద్రాబాద్‌లో జనరల్ బోగీ ఎక్కి, నాలుగు బోర్డ్ గేమ్ పెట్టెలు పట్టుకుని కాజీపేట దాకా నిలబడి చూడండి, ఆ 35 కిలోల అర్థమేమిటో తెలుస్తుంది. బస్సులో డిక్కీ ఉన్నా, ఉప్పల్‌లో దిగాక మెట్రో స్టేషన్ స్కానర్‌లో బ్యాగు పట్టాలి, మెట్లెక్కాలి, చివర ఆటోవాడితో బేరమాడాలి.

కాబట్టి మన ప్రాంతం వాళ్ళు మొట్టమొదట వేసుకోవలసిన లెక్క, సామానుకు కిలోకు ఎన్ని రూపాయలు వస్తాయన్నది. ఒక పీఎస్4 (ప్లేస్టేషన్ 4) గేము డిస్కు కేసుతో సహా వంద గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. 800కు పోతుందనుకుందాం. ఒక మామూలు బోర్డ్ గేమ్ పెట్టె కిలోన్నర తూగి వెయ్యికి పోతుందనుకుందాం. విడిగా చూస్తే బోర్డ్ గేమే ఎక్కువ తెచ్చిపెట్టింది. కిలో లెక్కన చూస్తే డిస్కులు 8,000, బోర్డ్ గేములు 700 కూడా లేవు. అసలైన పోకెమాన్ కార్డులయితే ఈ లెక్కలో డిస్కుల్ని కూడా దాటిపోతాయి, ఎందుకంటే వంద కార్డులు జేబులో పడతాయి. అట్టడుగున ఉండేవి పాత కామిక్సు కట్టలు, పెద్ద బొమ్మలు, స్టీరింగ్ వీల్ సెట్లు.

పై వరుసలో ఉన్న సామానుతో ఎక్కడికైనా వెళ్ళవచ్చు, అమ్ముడుపోకపోయినా భుజం నొప్పి లేదు. కింది వరుసలోవి ఊరు దాటాలంటే ముందే కొన్నవాడు ఉండాలి.

సొంత స్టాల్ ఎవరికి గిట్టుతుంది?

కామిక్ కాన్ లాంటి చోట ఎక్కువ స్టాళ్ళు కొత్త సరుకువి: ప్రచురణకర్తలు, బొమ్మలు వేసే ఆర్టిస్టులు, టీషర్టులు, ఫిగర్లు. వచ్చినవాళ్ళు కూడా కొత్తది కొనాలనే డబ్బు పట్టుకొస్తారు. ఆ మధ్యలో మీ వాడిన కంట్రోలర్ కంటికి ఆనదు. పైగా స్టాల్ అద్దె, మూడు రోజులు హైదరాబాద్‌లో ఉండే ఖర్చు, పక్కన మరో మనిషి. ఆ మనిషి లేకపోతే మీరు టాయిలెట్‌కు కూడా వెళ్ళలేరు. నిర్వాహకులు పాన్, జీఎస్టీ వివరాలు అడగవచ్చు, వాడిన సామాను అమ్మడానికి అసలు ఒప్పుకోకపోవచ్చు. అద్దె కట్టకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. మామూలు టికెట్‌తో లోపలికి వెళ్ళి ఓ మూల దుప్పటి పరిచి అమ్ముకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి, సెక్యూరిటీ వాళ్ళు లేపేస్తారు.

ఇంకో నష్టం ఎవరూ లెక్కలో వేయరు. స్టాల్ పెట్టినవాడికి కన్వెన్షన్ ఉండదు. టోర్నమెంట్ చూడలేడు, డెమో ఆడలేడు, రోజంతా "లాస్ట్ ఎంతకిస్తవ్ అన్నా? కొంచెం కమ్ చెయ్" అన్న మాట వింటూ కూర్చుంటాడు. ఆటలంటే ఇష్టంతో ఈ సామాను కూడబెట్టినవాడికి అది శిక్షే.

స్టాల్ గిట్టేది ఒక్క సందర్భంలో. ఐదారుగురు కలవాలి, అందరి దగ్గరా చిన్న సామానే ఉండాలి, ఎక్కువ సంఖ్యలో ఉండాలి. హాట్ వీల్స్ బొమ్మకార్లు దీనికి సరిగ్గా సరిపోతాయి. ఇందాక లొంగని సామాను అన్నది వీటినే. 1:64 సైజు, అంటే అసలు కారులో అరవై నాలుగో వంతు ఉండే కారును ఫొటోలో చూసి కొనేవాళ్ళ కంటే చేతిలో తిప్పి చూసి కొనేవాళ్ళు ఎక్కువ. పిల్లలు తల్లిదండ్రుల చెయ్యి గుంజుతారు. విప్పని బ్లిస్టర్ ప్యాక్‌లో (అట్ట మీది ప్లాస్టిక్ కవర్‌లో) ఉన్నవి ఒక ట్రేలో, విప్పిన లూజ్‌వి ఇంకో ట్రేలో పెట్టండి. అరుదుగా దొరికే సూపర్ ట్రెజర్ హంట్ కార్లు, అంటే మెరిసే స్పెక్ట్రాఫ్లేమ్ రంగు, రబ్బరు టైర్లు, ఒంటి మీద 'టీహెచ్' గుర్తు ఉన్నవి ఉంటే ట్రేలో కలపకండి. అవి తెలిసినవాడి కోసం వెనక డబ్బాలో ఉండాలి.

స్టాల్ పెడితే ధరల విషయంలో మొదటి రోజు, చివరి రోజు ఒకటి కాదు. శుక్రవారం వచ్చేవాడు ఏరుకోవడానికి వస్తాడు, మంచి వస్తువుకు అడిగినంత ఇస్తాడు. ఆదివారం సాయంత్రం వచ్చేవాడికి మీరు ఇంటికి మోసుకెళ్ళాలన్న సంగతి తెలుసు. అందుకని ఆదివారం మధ్యాహ్నమే "ఏ మూడైనా ఇంత" అని లాట్‌గా పెట్టేయడం నయం. నుమాయిష్ ఆఖరి రోజుల్లో బేరం చేసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. జనం కిక్కిరిసిన హాల్లో నెట్ మొరాయించినప్పుడు యూపీఐ చక్రం తిరుగుతూనే ఉంటుంది, కొనేవాడు పక్క స్టాల్‌కు జారుకుంటాడు.

బయటి దేశాల్లో ఎలా చేస్తారు, మనకేది పనికొస్తుంది?

బోర్డ్ గేమ్ కన్వెన్షన్లకు పాత సామాను అమ్మకం కొత్తేమీ కాదు. బర్మింగ్‌హామ్‌లో జరిగే యూకే గేమ్స్ ఎక్స్‌పోలో 'బ్రింగ్ అండ్ బై' అని ఉంటుంది. మీ గేముకు ధర రాసి కౌంటర్‌లో అప్పగిస్తారు, వాళ్ళు అమ్మిపెట్టి కమిషన్ పట్టుకుని మిగతా డబ్బు ఇస్తారు. అమెరికాలో 1968లో మొదలైన జెన్ కాన్ ఇప్పుడు ఇండియానాపోలిస్‌లో జరుగుతుంది. అక్కడ వేలమూ ఉంది, అప్పగింత మీద అమ్మే దుకాణమూ ఉంది. వేలం అరుదైన వస్తువుకే మంచిది. ఇద్దరు పట్టుబట్టి పాడితేనే ధర లేస్తుంది, మామూలు గేము వేలానికి పెడితే అసలు ధరలో సగం కూడా రాకుండా పోవచ్చు. మన దగ్గర వేలానికి తగినంత మంది కొనేవాళ్ళు ఇంకా లేరు, దాన్ని పక్కన పెడదాం.

నాకు బాగా నచ్చినది, మనకు నిజంగా పనికొచ్చేది 'మ్యాథ్ ట్రేడ్' అనే గొలుసు మార్పిడి. కాటాన్, టికెట్ టు రైడ్, స్ప్లెండర్ అనే మూడు బోర్డ్ గేములు తీసుకుందాం. హనుమకొండలో ఉన్న మీ దగ్గర కాటాన్ ఉంది, మీకు టికెట్ టు రైడ్ కావాలి. టికెట్ టు రైడ్ ఉన్న సికింద్రాబాద్ మనిషికి మీ కాటాన్ వద్దు, స్ప్లెండర్ కావాలి. స్ప్లెండర్ ఉన్న కరీంనగర్ అమ్మాయికి కాటాన్ కావాలి. ఏ ఇద్దరి మధ్యా మార్పిడి కుదరదు. ముగ్గురూ కలిస్తే గుండ్రంగా తిరిగి ముగ్గురికీ కావలసింది దొరుకుతుంది, రూపాయి కదలదు. ముగ్గురయితే కాగితం మీద తేల్చవచ్చు. నలభై మంది, నూటయాభై గేములయితే అందుకోసమే రాసిన ట్రేడ్ మ్యాగ్జిమైజర్ అనే ప్రోగ్రామ్ ఉంది. ఎవరు ఏది ఇచ్చి ఏది తీసుకోవడానికి సిద్ధమో రాసిస్తే, ఎక్కువ మందికి కుదిరే గొలుసులు అదే వెతికి పెడుతుంది. ఫలితం వచ్చాక మాట తప్పకూడదు, ఒక్కడు తప్పుకుంటే ఆ గొలుసంతా తెగుతుంది. కన్వెన్షన్ రోజున అందరూ ఒకచోటే ఉంటారు కాబట్టి పార్సిల్ ఖర్చు లేదు. మోసుకెళ్ళిన బరువే మోసుకొస్తారు, కాకపోతే కొత్త గేముతో వస్తారు. డబ్బు అవసరం లేనివాళ్ళకు, ఆడి ఆడి విసుగొచ్చిన గేములున్నవాళ్ళకు దీన్ని మించింది లేదు.

ముందే కుదుర్చుకుని, అక్కడ అప్పగించడం

డబ్బే కావాలంటే ఇది దారి. ఈవెంట్‌కు మూడు నాలుగు వారాల ముందు మీ జాబితా గ్రూపుల్లో పెట్టండి: వస్తువు, కండిషన్, ధర, ఏ రోజు ఎక్కడ ఇస్తారు. అడిగినవాళ్ళలో మొదటి వాడి దగ్గర చిన్న టోకెన్ తీసుకుని 'బుక్డ్' అని రాసేయండి. వెళ్ళే రోజుకు బ్యాగులో ఉన్న ప్రతి వస్తువు మీద ఒక పేరు ఉండాలి. సంబంధం ఖాయం చేసుకుని మండపానికి వెళ్తాం గానీ, మండపానికి వెళ్ళి పిల్లను వెతకం కదా.

ధర ఇంట్లో కూర్చుని తాపీగా చెప్పవచ్చు, నలుగురు అడిగితే నాలుగు మాటలు వినవచ్చు. అడిగినవాళ్ళే లేకపోతే ఆ వస్తువు మోయక్కర్లేదని ముందే తెలిసిపోతుంది. నా దృష్టిలో ఈ పద్ధతిలోని అసలు లాభం అదే.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. అప్పగించడానికి కన్వెన్షన్ హాల్ లోపలికే వెళ్ళాలని లేదు. మెట్రో బ్లూ లైన్ చూడండి. వరంగల్ బస్సు దిగే ఉప్పల్ దాని మీదే ఉంది. రైలు దిగితే సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్ దాని మీదే. కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు దిగే జేబీఎస్ బస్ స్టేషన్ పక్కన పరేడ్ గ్రౌండ్ స్టేషన్ కూడా దాని మీదే. అక్కడి నుంచి అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీ దాకా ఒకే రైలు. కొనేవాళ్ళకు ఈ దారిలో ఏ స్టేషన్ దగ్గరో అడగండి. బరువైన పెట్టెలు వెళ్ళేటప్పుడే ఉప్పల్‌లోనో, అమీర్‌పేటలోనో దిగిపోతే హైటెక్స్ చేరేసరికి చేతులు ఖాళీగా ఉంటాయి. టికెట్ కొనని వాళ్ళకు కూడా అమ్మవచ్చు.

చూపించుకోవడంలో నిజాయితీ ఉంటేనే ఈ పద్ధతి నిలుస్తుంది. బోర్డ్ గేము అయితే ముక్కలు లెక్కపెట్టి రాయండి. కాటాన్ బేస్ గేములో 19 నేల పలకలు, 95 వనరుల కార్డులు, 25 డెవలప్‌మెంట్ కార్డులు, నాలుగు రంగుల్లో కలిపి 60 రోడ్లు, 20 ఊళ్ళు, 16 నగరాలు ఉండాలి. ఒక రోడ్డు తక్కువైతే "ఎర్రది ఒకటి లేదు" అని రాస్తే సరిపోతుంది, దానివల్ల ఎవరూ వెనక్కి పోరు. దాచిపెడితే మాత్రం తర్వాత మీ జాబితా ఎవరూ తెరవరు. వానాకాలం దాటిన పెట్టెలను తెరిచి వాసన చూడండి, బూజు పట్టిన బోర్డు ఫొటోలో తెలియదు, చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. కంట్రోలర్ అయితే స్టిక్ డ్రిఫ్ట్ (ముట్టుకోకున్నా స్టిక్ కదిలినట్టు పనిచేయడం) లేదని చూపించే చిన్న వీడియో తీసి పంపండి. డిస్కు అయితే అడుగు భాగం వెలుతురులో ఫొటో తీయండి.

కార్డుల దగ్గర ఒక మాట. మన ఊళ్ళలో ఫ్యాన్సీ షాపుల్లో దొరికే బంగారు రంగు పోకెమాన్ కార్డులు నకిలీవి. వాటిని అసలువాటితో కలిపి కన్వెన్షన్‌కు తీసుకెళ్తే మీ దగ్గరున్న నిజమైన కార్డును కూడా నమ్మరు. చిన్నపిల్లలకు ఊరికే ఇచ్చేయండి.

ఊళ్ళోనే అమ్మడం ఎప్పుడు మేలు?

కన్సోల్, మానిటర్, గేమింగ్ కుర్చీ, స్టీరింగ్ సెట్ లాంటివి ఊరు దాటించకండి. కొనేవాడు ఇంటికొచ్చి, కరెంటు పెట్టి, అరగంట ఆడి చూసుకుంటేనే మంచి ధర వస్తుంది. కన్వెన్షన్‌లో ప్లగ్గు ఎక్కడ దొరుకుతుంది? ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ చాలు. వరంగల్‌కు ఉన్న పెద్ద వసతి కాలేజీలు. నిట్‌లో ఫైనల్ ఇయర్ వాళ్ళు హాస్టల్ ఖాళీ చేసే ఎండాకాలంలో అమ్మేవాళ్ళు ఎక్కువై ధరలు పడతాయి. కొత్త బ్యాచ్ వచ్చి కుదురుకున్నాక కొనేవాళ్ళు ఎక్కువ. మీకు తొందర లేకపోతే మేలో అమ్మకండి, మేలో కొనండి.

ఆన్‌లైన్ అమ్మకంలో ఒక మోసం ఇంకా జోరుగానే ఉంది. "డబ్బు పంపుతున్న, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు, తాము ఆర్మీలో ఉన్నామని కూడా చెప్పుకుంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగితే పోయేది మీ డబ్బే. పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

పార్సిల్ సంగతి తొందరగా చెప్పేస్తాను. చాలా కొరియర్లు బరువుతో పాటు పరిమాణం కూడా లెక్కేస్తాయి: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. 30, 30, 7 కొలతలున్న పెట్టె 1.26 కిలోలు. దాన్ని పాడుకాకుండా 35, 35, 12 అట్టపెట్టెలో పెడితే 2.94 కిలోలు. అంటే ప్యాకింగే లెక్కను రెట్టింపు దాటించింది. హైదరాబాద్‌కయితే ఆర్టీసీ కార్గో ధర కూడా అడిగి చూడండి. కార్డులు, డిస్కులకు ఈ బాధ లేదు.

పాత డిస్కులు కొనే ఆన్‌లైన్ సంస్థలు ఉన్నాయి. ధర తక్కువ, తలనొప్పి తక్కువ. పది డిస్కులు ఒకేసారి వదిలించుకోవాలంటే సరే. ఏ దారిలో అమ్మినా స్పోర్ట్స్ గేములను మాత్రం కన్వెన్షన్ దాకా ఆపకండి. ఫుట్‌బాల్ గేము కొత్తది ఏటా సెప్టెంబర్ చివర్లో వస్తుంది, ఆ రోజు నుంచి మీ పాతది ఎవరికీ వద్దు. నవంబర్‌లో హైటెక్స్‌లో అమ్మాలని దాచుకున్న డిస్కు మీ దగ్గరే ఉండిపోతుంది. కోడ్ రూపంలో కొని మీ అకౌంట్‌లో వేసుకున్న డిజిటల్ గేములు ఎలాగూ అమ్మలేరు. కొనేవాడి దగ్గర ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంటే డిస్కు పెట్టే చోటే లేదు, డబ్బు తీసుకోకముందు అడగండి.

హనుమకొండలో సొంతంగా ఒక టేబుల్

ఇవన్నీ చూశాక నాకు అనిపించేది, పదిహేను మంది ఉన్న గ్రూపు ఏదైనా నక్కలగుట్ట, సుబేదారి వైపు ఓ కేఫ్‌లో ఆదివారం మధ్యాహ్నం ఒక్క టేబుల్ అడిగి 'బ్రింగ్ అండ్ బై' పెట్టుకోవచ్చు. కేఫ్‌వాడికి టీ, సమోసా గిరాకీ, మనకు అద్దె లేదు. ప్రతి వస్తువు మీద చీటీ: పేరు, అడిగే ధర, ఆఖరి ధర. ఆఖరి ధర చీటీ మడత లోపల రాయాలి, టేబుల్ దగ్గర కూర్చున్నవాడికి మాత్రమే తెలియాలి. దానివల్ల స్నేహితుల మధ్య మొహమాటం బేరం తప్పుతుంది. మనవాళ్ళలో పాత సామాను అమ్మకాలను చెడగొట్టేది ధర కాదు, మొహమాటం. తమ్ముడు వరసయ్యేవాడు అడిగితే ఊరికే ఇచ్చేస్తాం, తర్వాత నెలంతా బాధపడతాం. మధ్యలో మూడో మనిషి కూర్చుంటే ఆ టెన్షన్ ఉండదు.

టేబుల్ మీద మిగిలినవాటి జాబితానే హైటెక్స్ గ్రూపులో పెట్టండి. ఊళ్ళో పోని బోర్డ్ గేముకు హైదరాబాద్‌లో ఎవరో ఒకరు దొరకవచ్చు, అక్కడ ఆడే గ్రూపులు ఎక్కువ. ఇక కార్డులు, మంచి హాట్ వీల్స్ జేబులో, చిన్న డబ్బాలో ఎప్పుడూ మీతో ఉండనీయండి, వాటికి బుకింగ్ అక్కర్లేదు.

పాత టింకిల్, చందమామ కట్టలకు మాత్రం కన్వెన్షన్ చోటు కాదు. అక్కడ మెరిసే కొత్త కామిక్సు కొనేవాళ్ళు పాత కాగితం వాసన జోలికి పోరు. ఆదివారం హైదరాబాద్‌లో ఉంటే పొద్దున్నే రెడ్ లైన్‌లో నాంపల్లి దిగి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలవాళ్ళకు చూపించండి. ఒక్కో సంచికకు విడిగా ధర అడగండి, కట్టంతా కలిపి ఎంత అంటే కాగితం ధరకు దగ్గరగా చెప్తారు. అక్కడి పని పూర్తయ్యాక అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీ వెళ్ళవచ్చు.